నర్సాపురం లేసు, ఫెయిర్ ట్రేడ్: ముద్ర కన్నా ముందు చూసుకోవలసిన విషయాలు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు, మీ స్నేహితులు ముగ్గురు కలిసి నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లే స్త్రీలతో ఇంటి అలంకరణ వస్తువులు చేయించాలనీ, హైదరాబాదులో ఉన్న ఒక డిజైనర్ సాయంతో వాటికి కొత్త రూపం ఇచ్చి అమెరికాలోనూ మన నగరాల్లోనూ అమ్మాలనీ అనుకుంటున్నారు. దానికి ఫెయిర్ ట్రేడ్ ముద్ర, అంటే వస్తువు చేసినవారికి న్యాయమైన ధర, మంచి పని పరిస్థితులు దక్కాయని చెప్పే గుర్తు, ఎలా తెచ్చుకోవాలి, తెచ్చుకుంటే ఆ కుటుంబాల పేదరికం నిజంగా తగ్గుతుందా అని అడిగారు. ఇరవై రెండేళ్ళుగా గోదావరి జిల్లాల్లోనూ విశాఖ వైపూ చేతిపనుల సంఘాలతో పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. పేదరికం తగ్గుతుంది, తగ్గడం నేను కళ్ళారా చూశాను. అయితే ముక్కకు ఇచ్చే ధర పెంచినంత మాత్రాన తగ్గదు. ఈ ఇళ్ళలో లేమి తక్కువ కూలి వల్ల ఎంత ఉందో, పని దొరకని నెలల వల్లా, ఆ నెలల్లో చేసే అప్పుల వల్లా అంతకు మించి ఉంది. అందువల్ల మీరు ఎంత అడ్వాన్సు ఇస్తారు, మిగిలిన డబ్బు ఏ తేదీన చెల్లిస్తారు, రెండో ఆర్డరు ఎప్పుడు ఇస్తారు అన్న మూడు విషయాలను ధరకన్నా ముందు తేల్చుకోండి.

ముద్ర గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్ళు దీని మీదే ఎక్కువ సమయం ఖర్చు పెడుతున్నారు. కాఫీ, తేయాకు, పత్తి వంటి పంటల మీద కనిపించే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర వేరు, చేతిపనుల సంస్థలకు వర్తించే వ్యవస్థ వేరు. మొదటిది ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ నడిపేది, అది ప్రధానంగా సరుకుకు ఇచ్చే ముద్ర. రెండోది 1989లో ఏర్పడిన వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్‌ది. అది వస్తువును కాక సంస్థ మొత్తం పనితీరును 10 సూత్రాల ఆధారంగా పరిశీలిస్తుంది. మీకు పనికివచ్చేది ఈ రెండోదే. అయితే లెక్కలు, చెల్లింపుల రికార్డు, అల్లే స్త్రీల సంఘం తీర్మానాలు ఏవీ లేని మొదటి ఏడాదిలో దరఖాస్తు పెట్టడం వృథా శ్రమ. ఆ 10 సూత్రాలను కాగితం మీద రాసుకుని మొదటి ఆర్డరు నుంచే పాటించండి, ముద్ర సంగతి రెండో ఏడాదో మూడో ఏడాదో చూసుకోవచ్చు. వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, చేతిపనివాళ్ళు కోరితే ఆర్డరు విలువలో కనీసం 50 శాతం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలన్న నియమం. ఈ ఒక్క నియమాన్ని నిజాయతీగా పాటించినా సగం పని అయినట్టే.

ఫెయిర్ ట్రేడ్ ఉద్యమానికీ సూదిపనికీ పాత సంబంధం ఉంది. 1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే అమెరికన్ మహిళ ప్యూర్టోరికో వెళ్ళి, అక్కడి స్త్రీలు కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డలు తెచ్చి తన పరిచయస్థులకు అమ్మింది. కాలక్రమంలో టెన్ థౌజండ్ విలేజెస్ అనే ఫెయిర్ ట్రేడ్ సంస్థగా పెరిగింది ఆ ప్రయత్నమే. మీరు కూడా బంధుమిత్రుల మధ్యనే మొదలుపెడుతున్నారు కనుక ఈ సంగతి మీకు ధైర్యం ఇస్తుందని చెబుతున్నాను.

ఇక నర్సాపురం విషయానికి వస్తే, ఇక్కడి లేసు అల్లిక 19వ శతాబ్దంలో గోదావరి డెల్టాలో పనిచేసిన క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. తరాలు గడిచేసరికి ఇతర కులాల ఇళ్ళకూ పాకింది, విదేశాలకు పెద్ద ఎత్తున ఎగుమతి అయింది. అయితే ఎగుమతి పెరిగినా అల్లేవారి చేతికి వచ్చింది అత్యల్పం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి ఊళ్ళలో తిరిగి చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. అందులో ఆమె ఎత్తిచూపిన ముఖ్య విషయం ఇప్పటికీ వర్తిస్తుంది: ఈ స్త్రీలను అందరూ, చివరికి వారిని వారే, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా భావించారు. పనివారిగా లెక్కించకపోవడం వల్లనే కూలి అంత తక్కువగా ఉండిపోయింది. మీ ప్రచారంలో ‘ఇంటి పనులు చూసుకుంటూ ఖాళీ సమయంలో అల్లినవి’ అన్న మాట దయచేసి రాయకండి. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, రోజుకు నాలుగైదు గంటలు మెడ వంచి చేసే పనిని ఆ మాట కాలక్షేపంగా మార్చేస్తుంది.

కూలి నిర్ణయించే పద్ధతి దగ్గర కొంచెం ఆగాలి. ఈ ప్రాంతంలో ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళి, ఎంత దారం అల్లితే దాన్ని బట్టి కూలి కట్టడం చాలాకాలం నడిచింది, చాలాచోట్ల ఇప్పటికీ నడుస్తోంది. పైకి న్యాయంగా కనిపించే ఈ లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది. సన్న దారంతో దగ్గరగా అల్లే పువ్వుకు పట్టే సమయం, లావు దారంతో వదులుగా అల్లే జాలీకి పట్టే సమయంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, దారం మాత్రం తక్కువే ఖర్చవుతుంది. అంటే నేర్పు ఎక్కువ కావలసిన పనికే కూలి తక్కువ. మంచి పనిమంతులు క్రమంగా సన్నపని మానేయడానికి ఇదే కారణమని నా అనుభవం.

దీనికి విరుగుడు ఒక్కటే, గడియారం పెట్టుకుని కూర్చోవడం. పదేళ్ళ క్రితం ఒక ఊళ్ళో అరుగు మీద ఆరుగురితో ఒకే నమూనా అల్లించి చూశాను. పన్నెండు అంగుళాల గుండ్రని టేబుల్ గుడ్డ అది, నడుమ పువ్వు, చుట్టూ ఏడు వరుసల జాలీ, చివర చిన్న చిన్న గొలుసుల అంచు. అందరికన్నా చురుకైన పిల్ల ఏడున్నర గంటల్లో ముగించింది. అరవై దాటిన పెద్దావిడకు పదమూడు గంటలు పట్టింది, కానీ ఆవిడ ముక్క మాత్రం ఇస్త్రీ చేయకముందే బల్ల మీద చదునుగా పడుకుంది, మిగతావి అంచుల్లో ముడుచుకున్నాయి. మేం సగటున పది గంటలు వేసుకున్నాం. ఎవరికీ అన్యాయం జరగకూడదంటే అందరికన్నా వేగంగా చేసేవారి సమయాన్ని ఎప్పుడూ కొలతగా తీసుకోకూడదు.

గంటలు తేలాక కూలికి ఒక అడుగు గీత కావాలి. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటల రోజు అనుకుంటే, పది గంటలు పట్టే ముక్కకు కూలి సుమారు 384 రూపాయలకు తగ్గిందంటే ఆవిడ మట్టిపనికి వెళ్ళడమే మేలు. నేర్పున్న పనికి అంతకన్నా ఎక్కువ ఉండాలి కనుక గంటకు 50 రూపాయల చొప్పున 500 అనుకుందాం. దారానికి 70, ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చేయడానికి 30, ఊళ్ళో పని పంచి పోగుచేసే మనిషికి 60, పాడైన ముక్కల కింద 40 వేస్తే 700 అవుతుంది. దాని మీద సంఘానికి పది శాతం మిగలాలి, అంటే 770. ఇవి పద్ధతి చూపడానికి వేసిన అంకెలు, మీ నమూనాకు మీ లెక్క వేరుగా వస్తుంది. ఈ వస్తువును మీరు 2,000 రూపాయలకు అమ్మితే అల్లినవారికి అందేది నాలుగో వంతు. నేను పాలుపంచుకున్న సంఘాల్లో అల్లినవారి వాటా అంతకు తగ్గకుండా చూసుకున్నాం. మీరు పెట్టే డిస్కౌంట్లు మీ వాటా నుంచే పోవాలి, పండగ సేల్ పేరుతో కూలి తగ్గించమని అడగడం మొదలైతే పెట్టుకున్న నియమాలకు అర్థం ఉండదు.

అడ్వాన్సు గురించి ఒక చేదు అనుభవం చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట విదేశీ కొనుగోలుదారు ఒకరు 600 ముక్కల ఆర్డరు ఇచ్చారు. ధర బాగుంది, ఉత్తరాల నిండా మంచిమాటలు ఉన్నాయి, అడ్వాన్సు మాత్రం లేదు, సరుకు చేరాక 90 రోజులకు చెల్లిస్తామన్నారు. దారం అరువు తెచ్చి పని మొదలుపెట్టాం. సరుకు చేరింది, 90 రోజులు కాస్తా ఏడు నెలలైంది. ఈలోగా పిల్లల ఫీజులు, వానాకాలం జ్వరాలు, ఇంటి కప్పు మరమ్మతు ఏవీ ఆగలేదు. మాతో కలిసినవాళ్ళలో సగం మంది నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశారు, మరికొందరు పాత ఏజెంటు దగ్గరికే తిరిగి వెళ్ళారు. ఆ ఏజెంటు కూలి మాకన్నా తక్కువే ఇచ్చేవాడు, కానీ శనివారం వస్తే చేతిలో డబ్బు పెట్టేవాడు, అవసరానికి ఓ వెయ్యి అప్పు ఇచ్చేవాడు. వాళ్ళు వెళ్ళడాన్ని నేను తప్పుపట్టలేదు. మా ‘న్యాయమైన ధర’ వాళ్ళకు అప్పు మిగిల్చింది, అది నా తప్పు. దళారిని తొలగించాలని ఉత్సాహంగా మాట్లాడేవారు, ఆ దళారి చేస్తున్న పనులన్నీ తాము చేయగలరో లేదో ముందు చూసుకోవాలని అప్పటి నుంచి ప్రతిచోటా చెబుతున్నాను.

పై లెక్కనే తీసుకుని మీ మొదటి ఆర్డరును ఊహించి చూడండి. 300 ముక్కలంటే 3,000 గంటల పని. 25 మంది స్త్రీలు రోజుకు నాలుగు గంటల చొప్పున అల్లితే రోజుకు 100 గంటలు, అంటే ఒక్కరోజు కూడా ఆగకుండా 30 రోజులు. పెళ్ళిళ్ళు, కోతలు, జ్వరాలు కలుపుకుంటే 45 రోజులు పెట్టుకోవాలి. ఆర్డరు విలువ 2,31,000 రూపాయలు, అందులో సగం 1,15,500 పని మొదలయ్యేనాటికే సంఘం ఖాతాలో ఉండాలి. సంఘం ప్రతి వారం, ముక్క తెచ్చినవారికి తెచ్చిన రోజునే కూలి ఇచ్చేయాలి. మిగిలిన సగం సరుకు ఇక్కడ లారీ ఎక్కిన రోజున రావాలి, అమెరికాలో అమ్ముడయ్యాక కాదు. నలుగురు కలిసి ఈ మొత్తాన్ని ముందుగా సర్దుకోలేకపోతే, ఆర్డరును 100 ముక్కలకు తగ్గించుకోండి. చిన్న ఆర్డరు ఇచ్చి సకాలంలో చెల్లించేవారంటే ఈ ఊళ్ళలో ఎంత గౌరవమో మీకు తర్వాత తెలుస్తుంది.

ప్రభుత్వ పథకాల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు తక్కువ వడ్డీ రుణం ఇస్తుంది, బొమ్మల తయారీ ఆ జాబితాలో ఉంది గానీ లేసు అల్లిక లేదు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డు మాత్రం అందరికీ తీయించండి, ప్రదర్శనలకు, శిక్షణలకు, బీమాకు అదే ఆధారం. నర్సాపురం క్రోషే లేసుకు, అంటే కొక్కెం సూదితో అల్లే ఈ లేసుకు, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఆ పేరును చట్టబద్ధంగా వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ నమోదు మీ కంపెనీ పేరుతో కాకుండా స్త్రీల సంఘం పేరుతో జరిగేలా చూడండి. రేపు మీరు ఈ వ్యాపారం మానేసినా ఆ హక్కు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

డిజైనర్‌తో కలిసి పనిచేయడం గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. సృజనాత్మక భాగస్వామ్యం అన్న మాట వినగానే నాకు గుర్తొచ్చేది లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిణి (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, దాని మీద మొగలి ఆకు ఒత్తిపట్టి మెరుగు తెస్తారు. ఒక దశలో రసాయన రంగులు అక్కడికీ వచ్చాయి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అలాంటి రంగులు పనికిరావు కదా. ఏటికొప్పాకకే చెందిన సి.వి. రాజు ఆ ఊరి కళాకారులతో కూర్చుని పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసిన రంగులను లక్కకు పట్టించే పద్ధతులను ఏళ్ళ తరబడి పరీక్షించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, అంతకుముందే 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, మార్పు కళాకారుల తరిణి దగ్గరే జరిగింది, వారికి తెలిసిన లక్కతోనే జరిగింది. ఎక్కడో గీసిన బొమ్మ తెచ్చి ‘ఇలా చేయండి’ అని ఇవ్వలేదు.

మీ డిజైనర్ కూడా కనీసం రెండు వారాలు ఊళ్ళో ఉండాలి. కంప్యూటర్ మీద గీసిన నలుపలకల ఆకారాలు క్రోషే అల్లికకు అంత సులభంగా లొంగవు. అల్లిక నడుమ నుంచి చుట్టూ పెరుగుతుంది, మూలలు తిప్పడంలోనే సగం సమయం పోతుంది. ఇలాంటివి అల్లేవారి పక్కన కూర్చుంటే గంటలో అర్థమవుతాయి. ఇక్కడ పని కూడా రెండు రకాలు. పువ్వులూ ముక్కలూ విడివిడిగా అల్లేవారు కొందరు, వాటిని కలిపి అతుకు పని చేసేవారు ఇంకొందరు. అతుకు పని చేసేవారికి మొత్తం వస్తువు రూపం తెలుసు, కాబట్టి కొత్త నమూనా చర్చకు ముందుగా పిలవాల్సింది వారినే. ఆచరణలో జరిగేది దీనికి విరుద్ధం, బాగా మాట్లాడగలిగిన నాయకురాలిని పిలిచి, మాట తక్కువ పని ఎక్కువ అయిన మనిషిని వదిలేస్తారు.

నమూనాలకు కూలి ఇవ్వండి, అదీ మామూలు కూలికి రెట్టింపు. నమూనా అల్లడమంటే విప్పడం, మళ్ళీ అల్లడం, కొలవడం, మళ్ళీ విప్పడం. ‘ఆర్డరు వస్తుంది కదా, నమూనా ఊరికే చేసిపెట్టండి’ అని అడగడం ఈ రంగంలో బాగా పాతుకుపోయిన అలవాటు. పది నమూనాల్లో ఎనిమిది ఆర్డరు దాకా రావు, ఆ నష్టం మొత్తం అల్లినవారి మీదే పడుతుంది. కలిసి తయారుచేసిన నమూనా ఎవరిదన్నది కూడా మొదటే తెలుగులో రాసుకుని, చదివి వినిపించి సంతకాలు చేయించండి. నేను సూచించేది ఇది: ఏడాదిన్నర పాటు ఆ నమూనా మీకు మాత్రమే, ఆ తర్వాత సంఘం ఎవరికైనా అమ్ముకోవచ్చు. వస్తువుకు తగిలించే చీటీ మీద డిజైనర్ పేరుతో పాటు అల్లినవారి పేరూ ఉండాలి, వారు ఇష్టపడితేనే. పాత చీర, పెంకుటిల్లు కనిపించేలా ఫోటోలు తీసి జాలి పుట్టించి అమ్మే పద్ధతి మాత్రం వద్దు. వస్తువు బాగుందని కొన్నవారు మళ్ళీ వస్తారు, జాలితో కొన్నవారు ఒక్కసారితో ఆగిపోతారు.

నాణ్యత విషయంలో ఒక చిన్న సంగతి. తెల్ల దారం, ఒకే గదిలో వంట, చంటిపిల్లలు. మా తొలి సరుకులో మరకలు పడి తిరిగొచ్చినవాటిని చూసి స్త్రీలను మందలించినవారు ఉన్నారు. మందలించడం కన్నా, ఒక్కొక్కరికి ఒళ్ళో పరుచుకోవడానికి ఉతికిన తెల్లగుడ్డ, దారం ఉండ పెట్టుకోవడానికి మూతి బిగించే గుడ్డసంచీ ఇచ్చాం. మరకలు దాదాపు ఆగిపోయాయి. అలాగే ఒకసారి కంటి వైద్యుణ్ణి ఊరికి రప్పించాం. నలభై దాటినవాళ్ళలో చాలామందికి దగ్గరచూపు అద్దాలు కావాల్సి వచ్చింది. అద్దాలు పెట్టుకున్న మొదటిరోజు ఒకావిడ తాను అల్లిన పాత ముక్కను పట్టుకుని, ‘ఇన్ని కుట్లు జారిపోయాయా, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం’ అని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. ఆవిడ సంపాదన ఆ తర్వాతి నెల నుంచే పెరిగింది.

మార్కెట్ మొత్తాన్ని అమెరికా మీదే ఆనించవద్దు. 2025 ఆగస్టు 27 నుంచి ఆ దేశం మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది, ఆ నెల 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు ఉన్న మినహాయింపును ఎత్తేసింది. సుంకాల శాతాలు ఆ తర్వాత మారాయి, ఇకముందూ మారవచ్చు, కానీ అలాంటి ఒక్క ప్రకటనతో ఊళ్ళో 25 ఇళ్ళలో పని ఆగిపోయే పరిస్థితి ఉండకూడదు. జాకెట్ల చేతులకు, చీర అంచులకు, పిల్లల గౌన్లకు వేసే లేసుకు మన దగ్గరే గిరాకీ ఉంది. అమ్మకాల్లో సగమైనా దేశంలోనే ఉండేలా మొదటినుంచీ చూసుకోండి. యంత్రంతో అల్లిన చవక లేసుతో ధరలో పోటీపడాలని మాత్రం ప్రయత్నించకండి. చేతి అల్లిక ఎక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో, అంటే దగ్గరగా అల్లిన పువ్వులు, ఉబ్బెత్తు రేకులు, అతుకు కనిపించని అంచులు, అలాంటి వస్తువులే ఎంచుకోండి.

పేదరికం తగ్గిందో లేదో ఎలా తెలుసుకోవాలన్నారు. అమ్మకాల మొత్తం చూసి చెప్పలేం. ఏడాది మొదట్లో 25 ఇళ్ళలోనూ మూడే ప్రశ్నలు అడిగి రాసిపెట్టండి: గడిచిన ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరికింది, బయట వడ్డీకి తెచ్చిన అప్పు ఎంత ఉంది, అల్లిక డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది. ఏడాది చివర మళ్ళీ ఇవే అడగండి. మా సంఘాల్లో ఒకదానిలో మొదటి ఏడాది కూలి పెద్దగా పెరగలేదు, కానీ పని దొరికిన నెలలు ఐదు నుంచి తొమ్మిదికి చేరాయి. మరుసటి ఏడాది వడ్డీ అప్పులు తీరడం మొదలైంది. డబ్బు భర్త ఖాతాలో కాకుండా ఆవిడ ఖాతాలో పడితే ఖర్చయ్యే తీరే మారుతుందని ఆ ఇళ్ళలోని ఆడపిల్లల చదువులు చూసి నమ్ముతున్నాను.

మీరు సంక్రాంతికి ఊరు వస్తున్నామని రాశారు. పండగ వారంలో ఎవరూ సూది పట్టరు కనుక, వీలైతే కనుమ తర్వాత మరో పదిరోజులు ఉండేలా టిక్కెట్టు తీసుకోండి. ముందు రుస్తుంబాదలోని లేసు పార్కు చూసి, అక్కడ ఇప్పటికే నడుస్తున్న సంఘాలతో మాట్లాడండి, ఉన్న సంఘంతో కలవగలిగితే కొత్తది పెట్టాల్సిన అవసరమే లేదు. డిజైనర్‌ను కూడా వెంట తీసుకురండి. నమూనాలకు దారం మాత్రం బయటినుంచి తేవద్దు, ఇక్కడివారు రోజూ వాడే దారంతోనే మొదటి ముక్క అల్లించండి, లేకపోతే మీరు గడియారం పెట్టి కొలిచిన గంటలు అసలు ఆర్డరు నాటికి తప్పుతాయి.